అమ్మని అడగని ప్రశ్న

తారల్ని ప్రశ్నలడగడం నా వృత్తి. "మీ తొలిప్రేమ ఎవరితో?" అని ఏ మొహమాటమూ లేకుండా అడిగేస్తాను. అలాటి నేను మా అమ్మని "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని ఏనాడూ సరిగ్గా అడగలేదు.

వెంగళరావు నగర్‌లో నాదొక గది. మూడేళ్ళ కిందట అమ్మ గుడివాడ దగ్గర మా ఊర్నుంచి బట్టల సంచీతో దిగింది. మనిషి సగమైంది. ముట్లుడిగి ఏళ్ళయినా రక్తం పోతోందట. ఎనిమిది నెలలు దాచింది! పిన్ని ఫోన్ చేస్తే గానీ నాకు తెలీదు. "మగపిల్లాడివి, నీతో ఏం చెప్పుకోనురా?" అంది. సందు చివరి డాక్టరమ్మ చూసి, బంజారాహిల్స్‌లో బసవతారకం ఆస్పత్రికి వెళ్ళమంది.

"క్యాన్సరాస్పత్రికా? ఊళ్ళో తెలిస్తే తలెత్తుకోగలనా?" అని అమ్మ భీష్మించుకుంది. అప్పుడు చెప్పానా పేరు వెనక కథ.

మా అమ్మ ఎన్టీఆర్ అంటే పడిచస్తుంది. 'మాయాబజార్' ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. కానీ ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే, 1985లో, భార్య బసవతారకం గారు క్యాన్సర్‌తో పోయారన్న సంగతి ఆమె మనసులో నిలవలేదు. ఆ దుఃఖంలోంచే పేదలకి అందే క్యాన్సరాస్పత్రి కట్టాలనే తలపు పుట్టింది. అమెరికాలోని తెలుగు డాక్టర్లు చేయి కలిపారు. 2000 జూన్ 22న అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఎన్టీఆర్ మాత్రం చూడలేదు. 1996 జనవరిలోనే వెళ్ళిపోయారు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ముఖ్యమంత్రి భార్యకే వచ్చిందంటే, నాకు రావడంలో సిగ్గేముందిరా? ఆటో పిలు" అంది.

గర్భాశయ ముఖద్వారం క్యాన్సరన్నారు. ఐదు వారాల రేడియేషన్. అక్కడే కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టొకావిడ అమ్మకి జతయింది. "తెర మీద నలభైసార్లు చచ్చానక్కా, ఇది నిజంది కాకూడదు" అని నవ్వేది. కృష్ణుడిగా ఎన్టీఆర్ అందమా, రాముడిగానా అని ఇద్దరూ హాలంతా వినబడేలా వాదించుకునేవాళ్ళు. మిగతా రోగులూ ఓట్లేసేవారు. ఆవిడ మరుసటేడు వేసవి దాటలేదు. బాగా ముదిరాక వచ్చిందట.

అమ్మ బతికింది. ఊరెళ్ళాక ఊరుకోలేదు. చెరువు గట్టునా, పేరంటాల్లోనూ ఆడవాళ్ళని పక్కకి పిలిచి మొహమాటం లేకుండా అడుగుతుంది. ఈ జబ్బు ఏళ్ళ తరబడి మెల్లగా ముదురుతుందనీ, పాప్ టెస్టు కొన్ని నిమిషాల పనేననీ తనకొచ్చిన మాటల్లో చెబుతుంది. మొదట్లో "నోటికి అడ్డూ ఆపూ లేదు" అని ముక్కు విరిచారు. ఒకావిడైతే మా ఇంటికి రావడమే మానేసింది. పోయిన నెల అమ్మ ముగ్గుర్ని రాత్రి బస్సెక్కించి తెచ్చింది. వాళ్ళలో రావడం మానేసినావిడ కూడా ఉంది.

గది వాళ్ళకిచ్చి నేను మేడమీద పడుకున్నాను. తెల్లారి కాఫీ ఇస్తూంటే, ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని మెల్లగా అడిగింది:

"బాబూ, టెస్టయ్యాక బాలకృష్ణ ఇల్లు చూపిస్తావా?"