నీలం కలిపిన నది

నాకు చిన్నప్పట్నుంచీ బొమ్మలు గీయడం ఇష్టమే గానీ, చెప్పుకోదగ్గ పనితనమేమీ లేదు. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళి గంటలకొద్దీ నిలబడి చూసేవాణ్ణి. (ఆయన 1897లో పుట్టి 1925లో పోయారు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే అంత పని చేసి వెళ్ళారు. ఆ వయసుకి నేనింకా ఉద్యోగం వెతుక్కుంటున్నాను.) తర్వాత ఉద్యోగం, సంసారం, బదిలీలు... కుంచెలు అటకెక్కాయి.

ఘాజియాబాద్‌లో స్థిరపడ్డాక, మూడేళ్ళ కిందట మా అమ్మాయి కొత్త టాబ్లెట్ కొనుక్కుని పాతది నాకిచ్చింది, దాని పెన్నుతో సహా. "నాన్నా, ఊరికే వార్తలు చూస్తూ కూర్చోకుండా బొమ్మలేసుకో" అంది. అలా మొదలైంది. ఇదీ ఒక చిత్రకళేనా అని అడిగేవాళ్ళకి నేను డేవిడ్ హాక్నీ పేరు చెబుతుంటాను. 1937లో పుట్టిన ఆ బ్రిటిష్ చిత్రకారుడు డెబ్భై దాటాక, 2009లో ఫోను మీద, మరుసటి ఏడు ఐప్యాడ్ మీద బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాడు. ఆయనకి లేని అభ్యంతరం మనకెందుకు?

ఈ పద్ధతి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇందులో బొమ్మని లేయర్లుగా వేస్తాం. అంటే ట్రేసింగ్ కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. ఆకాశం ఒకదాని మీద, వంతెన ఒకదాని మీద, నీళ్ళు ఇంకోదాని మీద. ప్రతి లేయరు పక్కనా ఒక చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ లేయరు మాయమవుతుంది, మళ్ళీ నొక్కితే వస్తుంది. గీత తప్పితే వెనక్కి తీసుకోవచ్చు. నీటిరంగుల్లో అయితే పడిన మరక పడినట్టే. ఇక్కడ తప్పుకి ఖర్చు లేదు. అది సుఖమే గానీ, అందులోనే ప్రమాదం కూడా ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆదివారం పొద్దున్నే రెడ్ లైన్ మెట్రో ఎక్కి హిండన్ రివర్ స్టేషన్‌లో దిగుతాను. (ఈ లైను ఇక్కడిదాకా వచ్చింది 2019 మార్చిలో.) అక్కణ్ణుంచి నడిచి గట్టు మీదికి చేరితే వంతెనలు, అవతల అపార్టుమెంట్లు, కింద నది. హిండన్ అంటే మన గోదావరిలా ఊహించుకోకండి. సహారన్‌పూర్ జిల్లాలో పుట్టి సుమారు 400 కిలోమీటర్లు ప్రయాణం చేసి, నోయిడా దాటాక యమునలో కలుస్తుంది. మంచుకొండల నీళ్ళు దీనికి రావు, వానే ఆధారం. వానాకాలం పోయాక ఇందులో పారేది చాలావరకు ఊళ్ళ మురుగు, చక్కెర మిల్లుల, కాగితం మిల్లుల వ్యర్థాలు, కృష్ణి, కాళీ అనే ఉపనదులు మోసుకొచ్చే మురికి. అలాంటి నదే 2023 జులైలో పొంగి, గ్రేటర్ నోయిడా వైపు నిలిపి ఉన్న వందలాది కార్లను ముంచేసింది.

మొదటి డిసెంబరులో ఒక బొమ్మ వేశాను. ఆకాశానికి లేత నీలం, నీళ్ళకి కాస్త ముదురు నీలం. ఇంటికొచ్చి అక్కడే తీసిన ఫొటో పక్కన పెట్టి చూసుకున్నాను. టాబ్లెట్‌లో రంగును పట్టుకునే ఒక పనిముట్టు ఉంటుంది. ఎక్కడ నొక్కితే అక్కడి రంగులో ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని అంకెలు చెబుతుంది. ఫొటోలోని ఆకాశం మీద నొక్కితే ఎరుపు 186, ఆకుపచ్చ 182, నీలం 171. మూడింట్లో నీలమే తక్కువ! కెమెరా తప్పేమో అనుకున్నాను. మరుసటి వారం ఒక అట్టముక్కకి చిన్న చిల్లు పెట్టి, అందులోంచి ఆకాశాన్ని చూశాను. చుట్టుపక్కల రంగుల ప్రభావం లేకుండా చూసే పాత ఉపాయం ఇది. నిజమే, మట్టి కలిసిన బూడిద రంగు. ఆకాశం నీలంగా ఉంటుందని నాకు ముందే తెలుసు కాబట్టి నీలం వేశాను, అంతే. ఎడ్వర్డ్ అడెల్సన్ 1995లో చేసిన చదరంగపు గళ్ళ బొమ్మ మీరు చూసే ఉంటారు. అందులో నీడలోని గడీ, వెలుగులోని గడీ కొలిస్తే ఒకే రంగు. మన కంటికి మాత్రం ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా కనిపిస్తాయి. చూసేది కన్నే అయినా తీర్పు చెప్పేది మెదడు.

అప్పట్నుంచీ ఉన్నది ఉన్నట్టు వెయ్యాలని నియమం పెట్టుకున్నాను. నల్లటి నీళ్ళు, గట్టు మీద ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క, అన్నీ వేశాను. చెత్తకి ప్రత్యేకంగా ఒక లేయరు పెట్టి "చెత్త" అనే పేరు కూడా పెట్టాను.

ఇంతలో ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది సంచిక కోసం కవర్ బొమ్మ అడిగారు. పంపాను. "చాలా బాగుందండీ. కానీ పండగ సంచిక కదా, కాస్త నీలం కలిపి, ఆ సంచులవీ తీసేస్తే..." అని ఫోన్ వచ్చింది. నేను పెద్దగా ఆలోచించలేదు. "చెత్త" లేయరు పక్కన గుర్తు నొక్కాను. నీళ్ళ లేయరు రంగు జరిపాను. అరనిమిషం కూడా పట్టలేదు. సంచిక అచ్చయింది. అందరూ మెచ్చుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే అనిపించింది.

ఆ వేసవిలో మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది. బల్ల మీద సంచిక చూసి, "ఇక్కడా ఇంత చక్కటి నది ఉందన్నమాట. ఒకసారి తీసుకెళ్ళరా" అంది. ఏదో ఒక సాకు చెప్పి రెండు వారాలు తప్పించుకున్నాను. చివరికి తీసుకెళ్ళక తప్పలేదు. గట్టు ఎక్కగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఏరా, నువ్వు బొమ్మేసింది ఈ నదేనా?"

"అవునమ్మా. కవరు పేజీ కోసం కొంచెం మార్చాను."

"నేను చెంబు కూడా తెచ్చుకున్నానురా" అంది, చేతిసంచి చూపించి.

నేను హేతువాదినని మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ నమ్మకాల్ని "ఆధారమేదీ?" అని ఎన్నిసార్లు నిలదీశానో లెక్కలేదు. ఈసారి ఆవిడ ఆధారంతోనే నమ్మింది. కొడుకు కళ్ళారా చూసి వేసిన బొమ్మ అది. ఆ ఆధారాన్ని తారుమారు చేసింది నేను.

2023లో వచ్చిన ఒక పరిశోధన గురించి అంతకుముందే చదివాను. ఆ రోజు మళ్ళీ గుర్తొచ్చింది. ఇద్దరు శాస్త్రవేత్తలు టర్నర్, మోనే వేసిన దాదాపు వంద చిత్రాలను పరిశీలించారు. గాలిలో పొగ పెరిగితే వెలుగు చెదిరి వస్తువుల అంచులు మసకబారతాయి, రంగులు తెల్లబోతాయి. పందొమ్మిదో శతాబ్దంలో లండన్, పారిస్‌లలో బొగ్గు పొగ పెరిగిన తీరుకీ, ఆ చిత్రాల్లో మసక పెరిగిన తీరుకీ పొంతన కుదిరింది. ఆ చిత్రకారులు కాలుష్యం మీద నివేదిక రాద్దామనుకోలేదు. కళ్ళకి కనిపించింది వేశారు. నూరేళ్ళ తర్వాత అది సాక్ష్యమైంది. వాళ్ళూ ఎవరి మొహమాటానికో పొగ తీసేసి ఉంటే?

ఇప్పుడు ప్రతి బొమ్మ పేరులోనూ తేదీ, వేళ, ఆనాటి గాలి నాణ్యత సూచీ రాసిపెడుతున్నాను. చలికాలంలో ఆ అంకె 400 దాటి "తీవ్రం" అనే కోవలోకి వెళ్ళిన రోజుల్లో అవతలి అపార్టుమెంట్ల లేయరే వెయ్యక్కర్లేదు, ఎలాగూ కనిపించవు. "చెత్త" అనే లేయరు విడిగా పెట్టడం మానేశాను. చెత్తని నీళ్ళతో కలిపే వేస్తున్నాను, నదిలో ఉన్నట్టే. ఇప్పుడు దాన్ని తియ్యాలంటే నదినే తియ్యాలి.

తర్వాతి ఉగాదికి మళ్ళీ బొమ్మ అడిగారు. ఉన్నదున్నట్టు పంపి, మార్చనని ముందే చెప్పాను. కవరు మీద మామిడి తోరణం ఫొటో వేసుకుని, నా బొమ్మని లోపలి పేజీలో నలుపు తెలుపుల్లో అచ్చేశారు. హిండన్ విషయంలో అదేమంత పెద్ద మార్పు కాదు లెండి. ఆ సంచిక అమ్మకి పోస్టులో పంపాను.