డాలీ పార్టన్ పుట్టిన కొండసీమ

అమెరికా సంయుక్తరాష్ట్రములలో టెన్నెసీ యనునది తూర్పుపడమరలుగా మిక్కిలి పొడవైన సీమ. రాష్ట్ర మొకటియే యైనను నందు గడియారములు మాత్రము రెండు విధములుగా నడచును. నడుమనున్న నాష్‌విల్ నగరమునుండి తూర్పునకు బోవువారు దారిలో నొకచోట తమ గడియారమును గంటసేపు ముందునకు ద్రిప్పుకొనవలయును. మే మా దారిని సుమారు 200 మైళ్లు కారులో బోయి సెవియర్ మండలమును జేరితిమి. నాష్‌విల్ పాటలకు బేరుపొందిన యూరు. సెవియర్ కొండలకు బేరుపొందిన మండలము. ఈ రెంటికిని నడుమనున్న దారిని బదునెనిమిదవయేట నొంటరిగా దాటిన యాడుపిల్ల డాలీ పార్టన్. ఆమె తన పాటలను దానే వ్రాసికొని తానే పాడును. ఆమె యెక్కిన మెట్లేవో యవి యున్నచోటులనే చూడవలయునని మా యాత్ర.

నాష్‌విల్‌లో మొదట రైమన్ మందిరమునకు బోయితిమి. ఓడల యజమాని యగు టామ్ రైమన్ పూనికచే 1892లో నిది ప్రార్థనలకొరకు గట్టబడినది. ఎఱ్ఱ యిటుకల గోడలు, రంగుటద్దముల కిటికీలు, లోపల వరుసలు వరుసలుగా కొయ్య బల్లలు. మెత్తని కుర్చీ యొకటియు లేదు. 1943 మొదలు 1974 వఱకు ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ యను రేడియోకచేరి యిచ్చటనే జరిగెను. పల్లెటూరివారి పాటలకు దేశమంతటను నింతటి పీఠము మఱియొకటి లేదు. 1959లో బదుమూడేండ్ల డాలీ యీ వేదికపై మొదటిసారి పాడెను. 1969లో నామెను గచేరి సభ్యురాలిగా జేర్చికొనిరి. 1974లో గచేరి కొత్త భవనమునకు దరలినపుడు రైమన్ వేదికనుండి యాఱడుగుల గుండ్రని కొయ్యముక్కను గోసి కొత్త వేదిక నడుమ బొదిగిరి. క్రొత్తయిల్లు కట్టికొన్నను బాత గడపను విడువలేని వారు మనలోనే కాదు, అక్కడను గలరు.

డాలీ 1964లో హైస్కూలు చదువు ముగించెను. ఆమె యింటిలో నంతవఱకు జదివినది యామెయే మొదలు. మఱునాడే బస్సెక్కి నాష్‌విల్ చేరెను. పెట్టెలో మాసిన బట్టలు, చేతిలో వ్రాసికొన్న పాటలు. అదియే యామె యాస్తి. వచ్చిననాడే బట్టలుతుకు యంత్రములుండు దుకాణమునకు బోగా, నచ్చట గార్ల్ డీన్ అను యువకుడు కనబడి పలుకరించెను. పాటల వ్యాపారులు పెండ్లి మానుమని చెప్పిరి. పెండ్లియైన గాయని రికార్డులు కొనబోరని వారి భయము. ఆమె వారితో వాదము పెట్టుకొనలేదు. 1966 మే 30వ తేదీన, పత్రికలవారి కంటబడకుండునట్లు పొరుగురాష్ట్రమగు జార్జియాలోని రింగోల్డ్ అను చిన్న యూరికి బోయి, తల్లి యెదుట బెండ్లి చేసికొనెను. రోడ్లకు దారువేయించు పనిచేసిన యా భర్త భార్య కీర్తి వెలుగులోనికి రాక, 2025 మార్చిలో మరణించువఱకు నామెకు దోడుగా నుండెను.

ఆ నగరముననే ‘స్టూడియో బీ’ యను రికార్డింగుశాల కలదు. 1957లో గట్టిన చిన్న భవనము. పైకి గోదామువలె నుండును. తొలిదినములలో డాలీ యాలస్యమైనదని తొందరగా వచ్చి తన కారును దీని గోడకు గ్రుద్దినదట. ఆ గీత నిప్పటికిని జూపుదురు. ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ అను పాట 1971లోను, ‘జొలీన్’ అను పాట 1973లోను నిందే రికార్డు చేయబడినవి. మొదటిదానిని బ్రయాణపు బస్సులో, కాగితము దొరకక, చాకలిదుకాణపు రసీదు వెనుక వ్రాసినదని చెప్పుదురు. ఆ పాటలోని కోటు సంగతి ముందు వచ్చును.

ఆమె బ్రదుకులో నన్నిటికంటె గఠినమైన మెట్టు మాత్రము వేదికపైన గాక కాగితములపైన నున్నది. పోర్టర్ వాగనర్ అను ప్రసిద్ధగాయకుడు 1967లో నామెను దన టెలివిజన్ కచేరిలో జేర్చికొనెను. ఆ చోట నంతకుముందు పాడిన గాయని కావలెనని ప్రేక్షకులు మొదట గేకలు వేసిరి. డాలీ యోర్చుకొని పాడెను. క్రమముగా వారి మనసు గెలిచెను. ఏడేండ్లలో నామె పేరు పోర్టరు పేరును మించజొచ్చెను. తనదారి తాను జూచుకొందునన్న నాతడు విడిచిపెట్టడు. తగవులతో దీరని దానిని నామె పాటతో దీర్చెను. వీడ్కోలునకై ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ అను పాట వ్రాసి యాతని యెదుట బాడెను. అందు నిందలేదు, గర్వము లేదు. ఋణము మఱవలేదను మాట యున్నది, నిలువననుమాటయు నున్నది. 1974లో నా పాట పల్లెపాటల పట్టికలో మొదటిస్థానమును బొందెను. 1982లో నామె మరల బాడగా మరల మొదటిస్థానము వచ్చెను.

ఆ రోజులలోనే ప్రపంచప్రఖ్యాతుడగు ఎల్విస్ ప్రెస్లీ యా పాటను బాడదలచెను. ఆమె పొంగిపోయెను. కాని ఎల్విస్ వ్యవహారకర్త పాట ప్రచురణహక్కులో సగము తమకీయవలెనని పట్టుబట్టెను. ఎల్విస్ పాడినచో గీర్తియు ధనమును దప్పవు. ఈయకున్నచో నాతడు పాడడు. ఆమె యీయనని చెప్పి, యింటికి బోయి రాత్రియంతయు నేడ్చినదని తానే పలుమారులు చెప్పినది. ఏడ్చినది గాని సంతకము మాత్రము పెట్టలేదు. తరువాత 1992లో వ్హిట్నీ హ్యూస్టన్ యా పాటను ‘ది బాడీగార్డ్’ అను చలనచిత్రమున బాడగా నది 14 వారములు దేశములోని పాటలన్నిటికి మొదటిదై నిలిచెను. ఆ సగము చేజాఱియుండినచో దరువాతి ఫలములో సగము కూడ జాఱియుండెడిది. తన చేతిపని తన పేరనే యుండవలెనని నాడు పట్టిన పట్టు పదునెనిమిదేండ్లకు బండినది.

1977లో ‘హియర్ యూ కమ్ అగెయిన్’ పాటతో నామె పట్టణపు శ్రోతలకును బరిచితురాలయ్యెను. 1980లో ‘నైన్ టు ఫైవ్’ అను చిత్రమున జేన్ ఫోండా, లిలీ టామ్లిన్‌లతో గూడి నటించెను. ఆఫీసులో బనిచేయు ముగ్గురు స్త్రీలు తమ యధికారి యన్యాయమునకెట్లు బుద్ధిచెప్పిరో యా చిత్రకథ. దానికి బాట వ్రాయుచు, చిత్రీకరణ నడుమ దీరికవేళలలో, తన పొడవైన గోళ్లను నొకదానితో నొకటి రాచి టైపు యంత్రపు టకటకలను బుట్టించెనట. 1981లో నా పాట పల్లెపాటల పట్టికలోను, దేశపు మొత్తము పట్టికలోను మొదటిదయ్యెను. ఇంటిపనితోబాటు జీతపుపని చేయు స్త్రీలు దానిని దమ పాటగా జేసికొనిరి.

ఇక గొండలు. దూరమునుండి చూచిన వానిపై నెల్లప్పుడును నీలిపొగ క్రమ్మియుండును. చెట్లయాకులు విడుచు నావిరులవలన నా నీలిమ కలుగును. వానిని గ్రేట్ స్మోకీ పర్వతములందురు. 1934లో నవి జాతీయవనమయ్యెను. అంతకు జాల ముందునుండియు జెరోకీ జాతివా రచ్చట నివసించిరి. వారును నా సీమను నీలిపొగ పేరనే పిలిచిరి.

మండలమునకు ముఖ్యపట్టణము సెవియర్‌విల్. గడియారస్తంభముగల న్యాయస్థానపు ముంగిట డాలీ కంచువిగ్రహ మున్నది. జిమ్ గ్రే యను శిల్పి చేసిన దానిని 1987లో నెలకొల్పిరి. మేము దానిని జూచి యాశ్చర్యపడితిమి. చిత్రపటములలో గనబడు తళుకుబట్టలు గాని, పెద్ద కొప్పు గాని యందు లేవు. ఒక రాతిపై, వట్టికాళ్లతో, చేత గిటారుతో గూర్చుండి నవ్వుచున్న పల్లెపడుచు. ఆమె తండ్రి రాత్రివేళ బండిలో సబ్బునీళ్ల బకెట్టు పెట్టుకొని వచ్చి, పావురముల రెట్టలంటిన యీ విగ్రహమును గడిగిపోవుచుండెడివాడని డాలీ చెప్పినది. ఆ తండ్రికి జదువను వ్రాయను రాదు. విగ్రహముక్రింది యక్షరముల నాతడు చదువలేడు. ఆ ముఖమును మాత్రము శుభ్రముగా నుంచెను. 2021లో రాష్ట్ర శాసనసభ్యులు రాజధానిలో మఱియొక విగ్రహము నిలుపబోగా, నిది సమయము కాదని యామెయే వలదనెను. తండ్రి కడిగిన విగ్రహ మొకటి యుండగా రెండవది యేల?

1946 జనవరి 19న నామె యీ కొండలలో నొంటిగది కొయ్యయింట జన్మించెను. పండ్రెండుగురు సంతానములో నాల్గవది. పురుడు పోసిన వైద్యుడు రాబర్ట్ థామస్‌కు దండ్రి ఫీజుగా నొక బస్తా మొక్కజొన్నపిండి నిచ్చెను. సమీపమున బిజన్ ఫోర్జ్ పట్టణమున 1830 నాటి నీటిమర యొకటి నేటికిని మొక్కజొన్నలు విసరుచున్నది. ఆ రాతి యొద్ద నిలుచుండి, యా పసుపుపచ్చని పిండి చేతిలోనికి దీసికొనినపుడు, ఒక బిడ్డ పుట్టుక వెల యింతయని మాకు దెలిసినట్లయ్యెను. ఆ వైద్యుని పేర డాలీ 1973లో నొక పాట వ్రాసినది.

ఇపుడు కోటు. చలికాలము రాగా బిడ్డకు గోటు లేదు, కొనుటకు డబ్బులేదు. తల్లి యెవరో యిచ్చిన పేలికలను గూర్చి, మన ముత్తవలు బొంత కుట్టినట్లు, రంగురంగుల కోటు కుట్టెను. కుట్టుచు బైబిలులోని జోసెఫు రంగులకోటు కథ చెప్పెను. బిడ్డ గర్వముతో బడికి బోగా దోడిపిల్లలు నవ్విరి. ఆ నవ్వునుండి పాట పుట్టినది. ఆ పాటను 2011లో నమెరికా కాంగ్రెసు గ్రంథాలయము పదిలపఱుపదగిన రికార్డులలో జేర్చినది.

పిజన్ ఫోర్జ్‌లోని ‘డాలీవుడ్’ అను విహారవనమున డాలీ పెరిగిన యింటి ప్రతిరూపము గలదు. తమ్ముడు బాబీ కట్టగా దల్లి లోపలి సామానులమర్చెను. రెండే గదులు, గోడలకు వార్తాపత్రికలంటించినవి. టికెట్టు కొని లోపలికి బోయిన జనులతో గలసి మేమును దానిని జూచితిమి. మనసు కొంత చివుక్కుమనెను. ఒకరి పేదరికము నింకొకరికి వేడుకగా జూపవచ్చునా? పక్కనే రంగులరాట్నముల సందడి. కాని దానిని జూపువా రెవరు? ఆ యింట నాకలిగొన్నవారే, తమ తల్లి సర్దినట్లే సర్ది చూపుచున్నారు. ఇతరులు నవ్విన కోటును దానే పాడిన బిడ్డ, ఇతరులు తొంగిచూడదగిన యింటిని దానే తెఱచి చూపినది. ఆ యాలోచనతో మా చివుకు కొంత తగ్గినది. అంతయు బోయినదని చెప్పలేము.

ఈ వనము 1986లో డాలీ భాగస్వామ్యముతో నీ పేరు దాల్చినది. పొగాకుపైరు తప్ప వేఱు జీవనము కొఱవడిన సీమలో దనవారికి బనులు కల్పింపవలెనని యామె తలంపు. 1988లో ధర్మసంస్థను స్థాపించి, యేడవ యెనిమిదవ తరగతుల పిల్లలను జంటలుగా జేర్చి, యిరువురును హైస్కూలు ముగించినచో దలకు 500 డాలర్లిత్తునని మాట యిచ్చెను. ఆ తరగతులలో జదువు మానువారు నూటికి 35 నుండి 6కు దగ్గిరి. 2016 నవంబరులో గార్చిచ్చు వచ్చి 14 మంది చనిపోగా, నిండ్లు కోల్పోయిన కుటుంబములకు నెలకు 1,000 డాలర్లు చొప్పున నాఱునెలలు పంచుటకు నిధి నేర్పఱచెను. 2020లో మహమ్మారి వ్యాధిపై పరిశోధనలకై నాష్‌విల్ విశ్వవిద్యాలయమునకు బది లక్షల డాలర్లిచ్చెను.

వీనియన్నిటిలో మా సోదరీమణులకు ముఖ్యముగా జెప్పదలచిన దొకటి కలదు. 1995లో నామె సెవియర్ మండలపు శిశువులకొఱకు పుస్తకదానము మొదలిడెను. బిడ్డ పుట్టినది మొద లైదేండ్లు నిండువఱకు నెలకొక పుస్తకము, బిడ్డ పేరు వ్రాసి, తపాలాలో నింటికి వచ్చును. తల్లిదండ్రు లొక్క కాసైన నీయనక్కఱలేదు. మొదటిమారు తెప్పించినవి సుమారు 1,700 పుస్తకములు. తరువాత గెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లండు దేశములకును బాకెను. 2023 నాటికి బంచిన పుస్తకములు 20 కోట్లు దాటినవి. చదువురాని తండ్రి దీనికి గారణము. పిల్లలు తన కూతురిని ‘పుస్తకాలమ్మ’ యని పిలుచుట విని యాతడు, ఆమె గెలిచిన బహుమానము లన్నిటికంటె దీనికే మిక్కిలి పొంగెనట. 2000లో నాతడు చనిపోవునాటికి గూతురు 1999లో బల్లెపాటల కీర్తిమందిరమున జేరియుండెను. 2022లో రాక్ సంగీతపు కీర్తిమందిరమునను జేర్చికొనిరి.

కొండసీమనుండి బయలుదేరునపుడు మేము కొన్న వస్తువొక్కటే: నీటిమరలో విసరిన మొక్కజొన్నపిండి చిన్నసంచి. ఇంటిలో రొట్టెలు కాల్చితిమి. మా పిల్లలు తినుచు దీని కథ యేమని యడిగిరి. కోటు, కంచువిగ్రహము, సగము హక్కు, పుస్తకములు, అన్నియు వరుసగా జెప్పితిమి. పెద్దది మాత్రము, ఆ పుస్తకములమీద బిడ్డపేరు వ్రాయుదురా యని రెండుమారు లడిగినది. అవునన్నాము. తన పుస్తకములన్నిటిని దెచ్చి, యొక్కొక్క దానిపై దన పేరు వ్రాయుటకు గూర్చున్నది.