గన్‌ఫౌండ్రీ: ఫిరంగులు పోసిన చోట పలకా బలపం

హైదరాబాద్‌లో ఆబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు వెళ్లే దారిలో గన్‌ఫౌండ్రీ ఒక చిన్న మలుపులా కనిపిస్తుంది. 1786లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడు. తోప్ కా సాంచా అని పాతకాలం వాళ్లు పిలిచిన ఆ కార్ఖానాలో ఇప్పుడు మిగిలినవి కొన్ని ఇటుక గోడలే. ఆ తర్వాత శతాబ్దంన్నరలో ఈ చుట్టుపక్కల పుట్టినవి ఎక్కువగా బడులు. ఆల్ సెయింట్స్ హైస్కూల్, రోజరీ కాన్వెంట్, మహబూబియా, కాస్త దూరంలో స్టాన్లీ, మదర్సా ఏ ఆలియా, వాటికి తోడు నిజాం కాలేజీ. ఒక్క నడకలో ఇన్ని విద్యాలయాలు దొరికే పేట నగరంలో మరొకటి కనిపించడం కష్టం. వీటిలో వయసులో పెద్దది, మగపిల్లల బడి అయిన ఆల్ సెయింట్స్. దాని స్వభావాన్ని చర్చి ఎంత తీర్చిదిద్దిందో ఈ పేట కూడా అంతే తీర్చిదిద్దిందని నా వాదన.

ఆల్ సెయింట్స్‌ను ఐర్లండ్ నుంచి వచ్చిన బిషప్ డేనియల్ మర్ఫీ 1855లో స్థాపించారు. తర్వాత ఆయన టాస్మేనియాలోని హోబర్ట్‌కు బిషప్‌గా వెళ్లారు. ఆ తేదీని ఒకసారి ఆగి చూడాలి. అప్పటికి సాలార్‌జంగ్ దివాన్ అయి రెండేళ్లే. కచేరీల్లో పారసీ నడుస్తోంది. ఉర్దూ దాని స్థానంలోకి రావడానికి ఇంకా మూడు దశాబ్దాలు పట్టింది. మద్రాసులోనైతే ఇంగ్లీషు చదివినవాడికి కంపెనీ కొలువు ఎదురుగా ఉండేది. ఇక్కడ పాలకులు ముస్లింలు, ప్రజల్లో అత్యధికులు హిందువులు, కథోలికులు పిడికెడు మంది. అలాంటి చోట ఒక కథోలిక బడి నిలవాలంటే పొరుగిళ్లవాళ్లు తమ పిల్లల్ని నమ్మి పంపాలి. ఆ నమ్మకాన్ని ఏటేటా సంపాదించుకోవలసి రావడం వల్లే ఈ బడికి ఒక ఒద్దిక అలవడిందని నేను అనుకుంటున్నాను.

మిషనరీ బడి అంటే మతమార్పిడికి వేసిన మెట్టే కదా అని వెంటనే ఎవరైనా అడుగుతారు. ఆ కోరిక మిషనరీలకు లేదనడం అబద్ధమవుతుంది. వాళ్లు సముద్రాలు దాటి వచ్చిందే విశ్వాసం కోసం. కానీ తెలుగునాట క్రైస్తవం పెద్ద ఎత్తున పెరిగింది పల్లెల్లో, ముఖ్యంగా దళిత వాడల్లో. నగరం నడిబొడ్డున ఉన్న ఈ తరగతి గదుల్లో కాదు. ఇలాంటి బడుల్లో సాధారణంగా కథోలిక పిల్లలకు కేటకిజం, మిగతావాళ్లకు మోరల్ సైన్స్ ఉంటాయి. ఎవరి ఇంటి మతం వారిదే అన్న ఒప్పందం ఆ టైంటేబుల్‌లోనే కనిపిస్తుంది. ఆల్ సెయింట్స్‌లో చదివినవాళ్లలో ఊరంతా గుర్తుపెట్టుకున్న పేర్లు చూడండి. 1967లో అడిలైడ్‌లో ఆస్ట్రేలియాపై తొలి టెస్టు ఆడుతూ ఒకే ఇన్నింగ్స్‌లో 55 పరుగులకు ఆరు వికెట్లు తీసిన అబిద్ అలీ, 1984-85లో ఇంగ్లండ్‌పై తొలి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టిన అజహరుద్దీన్. కథోలిక బడి ముస్లిం కుర్రాళ్లను క్రికెటర్లుగా ఈ నగరానికి అప్పజెప్పింది. దగ్గర్లోనే ఫతే మైదాన్ ఉండటం కూడా చిన్న విషయం కాదు.

బడిని నడిపేవాళ్లు ఎవరన్నదీ ముఖ్యమే. దాన్ని నడిపే, సెయింట్ గాబ్రియేల్ సభకు చెందిన మాంట్‌ఫోర్ట్ బ్రదర్లు చర్చి ఫాదర్లు కారు. పూజ నడపరు, పాపసంకీర్తనం వినరు. సన్యాస వ్రతాలు తీసుకొని, చదువు చెప్పడాన్నే తమ జీవిత కర్తవ్యంగా ఎంచుకున్నవాళ్లు. వాళ్లు మూలపురుషుడిగా భావించే లూయీ మరీ ద మాంట్‌ఫోర్ట్ 18వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లోని లా రోషెల్‌లో పేదపిల్లల బడుల కోసం పనిచేశారు. పీఠం దగ్గర నిలబడేవాడికీ నల్లబల్ల దగ్గర నిలబడేవాడికీ ఉన్న తేడా పిల్లవాడికి తెలుస్తుంది. బ్రదర్ అంటే వాడికి మొదట లెక్కలు దిద్దే మనిషి, తర్వాతే మతం మనిషి.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఈ ఇంగ్లీషు బడులు ఉన్నవాళ్ల పిల్లల్ని మాతృభాషకు దూరం చేశాయన్నది. ఇందులో నిజం ఉంది. అయితే నిజాం రాజ్యంలో తెలుగు పిల్లవాడికి సర్కారీ బడిలో ఎదురైంది ఉర్దూ. 1918లో పుట్టిన ఉస్మానియాలోనూ బోధన ఉర్దూలోనే సాగింది. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నప్పుడు ఇంగ్లీషు ఎవరి ఇంటిదీ కాదు కాబట్టి ఎవరికీ ఎక్కువ తక్కువ లేకుండా పోయింది. నష్టం మాత్రం తెలుగుకే ఎక్కువ జరిగింది, దాన్ని దాచనక్కర్లేదు. ఇక ఉన్నవాళ్ల బడి అన్న మాటకు జవాబు ఈ ఆవరణలో కాదు, పాతబస్తీ అవతల జహనుమాలో ఉంది. అదే బ్రదర్లు అక్కడ బాయ్స్ టౌన్‌లో పేదింటి కుర్రాళ్లకు చేతిపనులు నేర్పారు. ఫిట్టర్లూ టర్నర్లూ కావాలనుకున్న పిల్లలు కూడా తమ బాధ్యతేనని వాళ్లు అనుకున్నారు.

ఆడపిల్లల్ని దూరంగా పెట్టడాన్ని మాత్రం నేను సమర్థించలేను. పక్కనే రోజరీ ఉందన్నది ఆనాటి సర్దుబాటే తప్ప ఈనాటికి సరిపడే సమాధానం కాదు. పైగా గన్‌ఫౌండ్రీలో ఇళ్లు తగ్గి బ్యాంకులు, దుకాణాలు పెరిగాయి. డబ్బున్న కుటుంబాలు చాలావరకు పడమటి వైపు మాదాపూర్, గచ్చిబౌలి చేరుకున్నాయి. సందుల్లోంచి నడిచి వచ్చే పిల్లల మీద ఆధారపడి పెరిగిన బడికి ఇది అసలైన పరీక్ష. ఫీజు పెంచి దూరపు కార్ల కోసం చూడటం సులువు. పాతబస్తీ నుంచి బస్సెక్కి వచ్చే కుర్రాడికి చోటు మిగల్చడం కష్టం. 1855 నాటి బుద్ధికి దగ్గరగా ఉన్నది ఆ కష్టమైన దారే.