ఎడమవైపు హోరు

కరెంటు పోతే ఇంట్లో అందరికీ ఉక్కపోత. నాకు ముందు హోరు, ఆ తర్వాతే చెమట. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ దాని చప్పుడు చాటున అణిగి ఉండేది, రెక్కలు నెమ్మదించగానే ఎడమ చెవిలో లేచి కూర్చుంటుంది. ఎలా ఉంటుందని డాక్టరమ్మ అడిగితే కీచురాయి అరుపులా అన్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ పోలిక కుదరలేదు. మనిషి అడుగుల చప్పుడైతే కీచురాయి నోరు మూసుకుంటుంది. దీనికి ఆపాటి మర్యాద కూడా లేదు.

ఫోను ఎడమ చెవి నుంచి కుడి చెవికి ఎప్పుడు మారిందో నాకు తెలియదు. నాకు చెప్పకుండా చెయ్యే మార్చేసుకుంది. ఎడమవైపు పెట్టుకుంటే గొంతు వినపడేది, మాట తెలిసేది కాదు. మొదట చూపించుకున్న చోట గులిమి తీసి, బి12 బిళ్లలు రాసి, మిగతాది వయసు మీదికి నెట్టేశారు. రెండో చోట డాక్టరమ్మ వినికిడి పరీక్ష చేయించింది. గ్రాఫులో కుడి చెవి గీత ఉండాల్సిన చోటే ఉంది. ఎడమ చెవి గీత మాత్రం సన్నటి శబ్దాల దగ్గరికొచ్చేసరికి కిందికి జారిపోయింది. "వయసు రెండు చెవులకీ కలిపే వస్తుంది కదండీ," అందావిడ. "ఒక్క వైపే వినికిడి తగ్గి, ఆ వైపే హోరు కూడా ఉంటే లోపల చూడాల్సిందే." గాడోలినియం ఇంజెక్షన్ ఇచ్చి ఎమ్మారై తీస్తే లోచెవి పక్కన ఎముక సందులో తెల్లగా మెరిసింది. 9 మిల్లీమీటర్లు.

ఆ సందు పొడవే సుమారు సెంటీమీటరు. వినికిడి నరం, ఒంటి తూకం చూసే నరం, ముఖాన్ని కదిపే నరం అన్నీ అందులోంచే పోవాలి. తూకం చూసే నరానికి తొడుగులా ఉండే ష్వాన్ కణాలు అదుపు తప్పితే పుట్టే గడ్డ ఇది. వెస్టిబ్యులర్ ష్వానోమా అంటారు, పాత పేరు ఎకౌస్టిక్ న్యూరోమా. క్యాన్సర్ కాదు. (చుట్టాలకు ఈ ముక్క ముందు చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది వినరు.) పెరిగేవి సగటున ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతాయి, చాలావాటికి ఏళ్ల తరబడి ఎదుగూ బొదుగూ ఉండదు. పెద్దదై మెదడు కాండాన్ని నొక్కితేనే ప్రమాదం.

నూరేళ్లకు పైబడి కిందట ఈ గడ్డ వచ్చి ఉంటే ఇంత తాపీగా రాసేవాణ్ణి కాదు. అప్పట్లో సర్జన్లు వేలు పెట్టి గడ్డను పెకలించేవాళ్లు, ఎక్కువమంది బతికేవాళ్లు కాదు. హార్వే కుషింగ్ గడ్డ పై పొరను అలాగే ఉంచి లోపలిది తోడేసే పద్ధతి పట్టుకుని చావులు తగ్గించాడు. 1917లో వీటి మీద పెద్ద పుస్తకమే వేశాడు. 1960ల్లో అమెరికాలో విలియం హౌస్ మైక్రోస్కోపూ డ్రిల్లూ పట్టుకుని చెవి ఎముకలోంచే దారి తీశాడు. ఆయన ముందు చదివింది పళ్ల వైద్యం, డ్రిల్లు కొత్తేం కాదు. 1969లో స్వీడన్‌లో ఈ గడ్డలకు గామా నైఫ్ రేడియేషన్ మొదలైంది. ఇన్ని దారులుండగా నాకు చెప్పింది మాత్రం "చూస్తూ ఉందాం". ఏడాదికోసారి ఎమ్మారై. పెరిగితే అప్పుడు ఆలోచించడం.

"గడ్డ తీసేస్తే హోరు పోతుందా?" అనడిగాను. గ్యారంటీ ఇవ్వలేమన్నారు. గడ్డ వల్ల వచ్చింది గడ్డతో పోకపోవడమేమిటని కోపం వచ్చింది. తర్వాత తెలిసింది, ఈ ఆపరేషన్లో వినికిడి నరాన్ని పూర్తిగా కోసేసిన వాళ్లలోనూ చాలామందికి హోరు ఉండిపోతుందని, కొందరికి ఎక్కువ కూడా అవుతుందని. చెవి నుంచి రావాల్సింది రాకపోతే మెదడు ఊరుకోదు, తన వైపు వాల్యూమ్ పెంచుకుంటుంది. ఆ పెంచిన వాల్యూమ్‌లో దానికి దాని సొంత రొదే వినపడుతుంది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు వినికిడి బాగున్న 80 మందిని చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి ఏం వినపడుతోందని అడిగితే 94 శాతం మంది ఏదో ఒకటి వినపడుతోందన్నారు. అంటే ఈ సరుకు దాదాపు అందరి తలల్లోనూ ఉంది. మీకు బయటి చప్పుళ్లు దాన్ని కప్పేస్తున్నాయి, అంతే.

అసలు చిక్కు ఇక్కడుంది. ఏ బాధా పెట్టని గడ్డకు ఏటేటా ఫొటో తీస్తారు, రాత్రీ పగలూ సతాయించే హోరు ఏ ఫొటోలోనూ పడదు. అందుకే అందరూ గడ్డ యోగక్షేమాలే అడుగుతారు.

అడగని వాళ్లు మందు చెబుతారు. వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె నాలుగు చుక్కలు వెయ్యమని మా వదిన పోరు. నూనె కర్ణభేరి దాటి పోదు వదినా అంటే, "వేసుకుంటే పోయేదేముంది?" అంటుంది. సుశ్రుతుడు చెవి రోగాలు 28 లెక్కపెట్టి, రకరకాల ధ్వనులు వినపడే కర్ణనాదాన్నీ కర్ణక్ష్వేడాన్నీ విడదీశాడు. ఆయన దగ్గరికి వెళ్లినవాడు "నాకు ఇలా వినపడుతోంది" అంటే ఆయన నమ్మి, ఎలా వినపడుతోందని కూడా అడిగాడన్నమాట. ఆ ఒక్క సంగతికే నాకాయన మీద గౌరవం పెరిగింది. మా వీధిలో రిటైరైన సంస్కృతం మాస్టారిది ఇంకో దారి. హఠయోగ ప్రదీపికలో నాదానుసంధానం చేసేవాడికి ముందు సముద్ర ఘోష, చివరికొచ్చేసరికి వేణువు, తుమ్మెద వినపడతాయట. "మీరు ఏ సాధనా లేకుండా చివరి మెట్టు మీదున్నారండీ," అన్నారు. కావాలంటే ఆ మెట్టు ఆయనకే ఇచ్చేస్తానన్నాను. నవ్వలేదు.

ఒక చెవితో బతకడంలో పని ఎక్కువ. చప్పుడు ఎటునుంచి వచ్చిందో తెలియాలంటే రెండు చెవులూ కావాలి. ఇంట్లో ఫోను మోగితే గదులన్నీ తిరుగుతాను. రోడ్డు మీద హారన్ వినపడితే రెండువైపులా చూసి, ఎందుకైనా మంచిదని నిలబడిపోతాను. పెళ్లి భోజనాల్లో బంతికి ఎడమ చివర కూర్చుంటాను, మనుషులందరూ కుడివైపు వచ్చేట్టు. ఎడమవైపు నుంచి వడ్డించేవాడు ఏమడిగాడో తెలియక తలూపితే విస్తట్లో మూడో గారె పడుతుంది.

పైవాటా వాళ్ల గ్రైండర్ మీద ఒకప్పుడు గొడవ పడ్డవాణ్ణి, ఇప్పుడు పడకగదే రోడ్డువైపుకి మార్చుకున్నాను. ఫోన్లో వాన చప్పుడు, జలపాతం చప్పుడు అమ్మే యాప్‌లన్నీ చూశాను. నా మాట నమ్మితే, కాస్త బేరింగ్ అరిగిన టేబుల్ ఫ్యానుకు సాటొచ్చేది ఒక్కటీ లేదు. హోరు మీద ధ్యాస పెట్టినకొద్దీ అది పెరుగుతుంది, స్కానింగ్ తేదీ దగ్గరపడితే మరీను.

ఆ స్కానింగ్‌లోనే ఓ వింతుంది. "చప్పుడు బాగా ఎక్కువగా ఉంటుంది సార్, భయపడకండి," అని టెక్నీషియన్ కుర్రాడు చెవుల్లో దూది ఉండలు పెడతాడు. లోపలికి తోశాక ఆ మిషను ధడధడలాడినంతసేపూ నా హోరు వినపడదు. ఒకసారి అందులోనే నిద్రపోయాను. అతను కంగారుపడి తట్టి లేపాడు.

మొన్నటి రిపోర్టులోనూ 9 మిల్లీమీటర్లే. సాయంత్రం బావగారు ఫోన్ చేశారు.

"పెరిగిందా?"

"లేదండీ."

"మరింకేం, హాయిగా ఉండండి!"

అలాగేనని, ఆయన మోకాలి నొప్పి సంగతి అడిగాను. అరగంట చెప్పారు.