మేఘవనం నుంచి కొట్టియార్ దాకా: మహావెలి గంగ వెంట శ్రీలంక

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి కొంచెం ఎక్కువ. ఈ అంకెను చూసి దీవినంతా ఒక్క చుట్టులో చూసి రావచ్చునని తలచే యాత్రికులు పటం మీద కొలంబో, గాలె, యాల, ఎల్ల, క్యాండీ, సిగిరియ, త్రింకోమలీలను వలయంగా కలుపుకొని, రోజుకొక ఊరి చొప్పున పంచుకొని బయలుదేరుతారు. అటువంటి ప్రణాళికను చెడగొట్టేది దూరం కాదు, వాన. మే నుంచి సెప్టెంబరు వరకు వీచే నైరుతి ఋతుపవనం పడమటి, నైరుతి తీరాలనూ మధ్య కొండల పడమటి వాలునూ తడుపుతున్న రోజుల్లో తూర్పు తీరాన సముద్రం నెమ్మదిగా, ఎండ తీక్షణంగా ఉంటుంది. అక్టోబరు నుంచి జనవరి దాకా తూర్పు, ఉత్తర ప్రాంతాలను ఈశాన్యపు వానలు ముంచెత్తితే, డిసెంబరు నాటికి పడమటి తీరం తెరిపిన పడుతుంది. దీవి అంతటా ఒకేసారి అనుకూలించే నెల ఏదీ లేదు. ఏటా 2,500 మిల్లీమీటర్లకు మించి వాన కురిసే భాగాన్ని తడి మండలమనీ, 1,750 మిల్లీమీటర్లకు లోపు కురిసే భాగాన్ని పొడి మండలమనీ, రెంటి నడుమ దాన్ని మధ్యస్థ మండలమనీ భూగోళవేత్తలు విభజించారు. దీవి పంటలూ, అడవులూ, ప్రాచీన రాజధానుల చరిత్రా ఈ విభజన మీదనే నిలబడి ఉన్నాయి.

ఈ మండలాలను వరుసగా దాటుకుంటూ పోయే మార్గం ఒకటి ప్రకృతిలోనే సిద్ధంగా ఉంది. అది 335 కిలోమీటర్ల పొడవున సాగి, దీవి మొత్తంలో ఆరో వంతు నేల నీటిని సేకరించి, తూర్పు తీరాన సముద్రంలో కలిసే మహావెలి గంగ. సింహళంలో 'గంగ' అన్నది ఏ పెద్ద నదికైనా వాడే మాట. చిన్న ఏరు 'ఓయ', చెరువు 'వెవ'. ఆనకట్టలు ఎక్కడికక్కడ అడ్డు నిలిచిన ఈ నది మీద మొదటి నుంచి చివరి దాకా పడవలో పోవడం సాధ్యం కాదు కనుక, కొంత రైలు, కొంత రోడ్డు, కొంత కాలినడక కలుపుకొని పది పన్నెండు రోజులలో దాని వెంట దిగి రావడమే సాహస యాత్రకు తగిన పద్ధతి. ఆగస్టు ద్వితీయార్ధం, సెప్టెంబరు ఇందుకు అనువైన కాలం. అప్పటికి కొండల్లో నైరుతి ఉధృతి తగ్గుముఖం పడుతుంది, మైదానంలో చెరువులు అడుగంటి ఏనుగులు బయటికి వస్తాయి, తూర్పు సముద్రం ఇంకా ఈతకు అనుకూలంగానే ఉంటుంది.

నది పుట్టుక హార్టన్ ప్లెయిన్స్‌లో. సముద్రమట్టానికి 2,100 మీటర్లకు పైన ఉన్న ఈ పీఠభూమికి 1831 నుంచి 1837 వరకు గవర్నరుగా ఉన్న రాబర్ట్ విల్మట్ హార్టన్ పేరు పెట్టారు. 1988లో జాతీయ వనమైన ఈ నేల 2010లో మధ్య ఉన్నత భూముల పేరిట ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పట్టిపొల లేదా ఓహియ స్టేషన్‌లో దిగి, తెల్లవారకముందే ద్వారం చేరుకోవాలి. ఎందుకంటే లోయ నుంచి లేచే పొగమంచు పొద్దెక్కేసరికి 'ప్రపంచపు అంచు' అని పేరుపడిన కొండచరియను పూర్తిగా కప్పేస్తుంది. దాదాపు 870 మీటర్ల లోతుకు నిట్టనిలువుగా తెగిపడిన ఆ చరియ దగ్గరికి వెళ్లి రావడానికి సుమారు 9 కిలోమీటర్ల కాలిబాట ఉంది. ద్వారం వద్ద సిబ్బంది ప్రతి సంచినీ విప్పించి, బిస్కెట్ల ప్యాకెట్లకున్న ప్లాస్టిక్ పొరలను తీయించి, కాగితంలో చుట్టి తిరిగి ఇచ్చే పద్ధతి ఈ వనానికి ఎంతో మేలు చేసింది. దారి పొడవునా గాలికి వంగి, మానుల నిండా నాచు పట్టి, ఎత్తు పెరగకుండా గుబురుగా నిలిచిన చెట్లున్నాయి. మేఘం వాటిని తాకుతూ పోతుంటే ఆకుల మీద, నాచు మీద తేమ పేరుకొని చుక్కలు చుక్కలుగా నేలకు దిగుతుంది; వాన లేని రోజున కూడా ఏరు పారడానికి ఈ తేమ తోడ్పడుతుంది. ఇటువంటి అడవిని శాస్త్రజ్ఞులు మేఘవనం అంటారు. అదే బాటలో కనిపించే బేకర్ జలపాతం నీరు మాత్రం బెలిహుల్ ఓయ ద్వారా వలవె నదిలో చేరి దక్షిణ తీరానికి పోతుంది, గట్టుకు మరోవైపు వాలిన నీరు అగ్ర ఓయగా మారి మహావెలి వైపు సాగుతుంది. కొద్ది అడుగుల తేడాతో రెండు సముద్ర తీరాలకు నీటిని పంచే ఈ గట్టు మీద ఒక పూటైనా నిలకడగా గడపని ప్రణాళిక తొందరపాటుదే.

అగ్ర ఓయ కొత్మలె ఓయగా పెరిగి తేయాకు తోటల మధ్య దిగుతుంది. 1867లో లూలెకందెర తోటలో జేమ్స్ టేలర్ తేయాకు సాగు మొదలుపెట్టడం, 1869లో కనిపించిన తుప్పు తెగులు కొన్నేళ్లలో కాఫీ తోటలను తుడిచిపెట్టడం ఈ కొండల రూపాన్ని మార్చాయి. తమిళ నేల నుంచి వచ్చిన కూలీల కుటుంబాలు ఈనాటికీ తోటల్లోని వరుస ఇళ్లలోనే ఉన్నాయి. తలవాకెలె దగ్గర రైలు కిటికీలోంచి కనిపించే సెయింట్ క్లెయిర్ జలపాతం ఒకప్పుడు నిండుగా దూకేది. 2012లో ఆరంభమైన 150 మెగావాట్ల ఎగువ కొత్మలె విద్యుత్ కేంద్రం నీటిని పైనే మళ్లించుకుంటున్నందున ఇప్పుడా దూకుడు మనుషులు వదిలే నీటిని బట్టి ఉంటుంది. తెప్పల మీద సుడులు దాటే సాహసం కోరేవారు హాటన్ నుంచి పడమరగా దిగి, కెలని నది మీది కితుల్గలలో ఒక రోజు గడిపి తిరిగి రావచ్చు. మహావెలిలో అటువంటి వేగం మిగలలేదు. భారీ వానలకు ఈ కొండ రైలు మార్గం మీద చరియలు విరిగిపడుతుంటాయి కనుక, రైలు టికెట్టును నమ్ముకొని తర్వాతి బసలన్నింటినీ బిగించి పెట్టుకోకుండా ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం అవసరం.

నావలపిటియ పరిసరాల్లో కొత్మలె ఓయ, హాటన్ ఓయ కలిశాక నదికి మహావెలి అన్న పేరు స్థిరపడుతుంది. అక్కడి నుంచి 14వ శతాబ్దపు రాజధాని గంపొలను దాటి, పేరాదెణియ వద్ద రాజోద్యానాన్ని మూడు వైపులా చుట్టి, క్యాండీని ఉత్తరాన ఒరుసుకొని పోతుంది. తీర ప్రాంతాలన్నీ విదేశీయుల పాలైన తర్వాత కూడా ఈ కొండ రాజ్యం రెండు శతాబ్దాలకు పైగా నిలవడంలో నదికి పెద్ద పాత్ర ఉంది. 1638లో పోర్చుగీసు సేన నది ఒడ్డునే ఉన్న గన్నొరువలో నాశనమైంది; 1803లో క్యాండీని విడిచి పోతున్న బ్రిటిష్ మేజర్ డేవీ దళం వటపులువ రేవు దగ్గర వరద పొంగును దాటలేక చిక్కి హతమైంది. తెలుగు పాఠకునికి ఈ ఊరు పరాయిది కాదు. మధుర నాయక వంశీయుల బంధువర్గం నుంచి రాణులను తెచ్చుకున్న క్యాండీ రాజులకు వారసులు లేకపోవడంతో, 1739లో రాణి సోదరుడు శ్రీ విజయ రాజసింహ పేరుతో సింహాసనమెక్కాడు. అతనితో మొదలైన నాయక్కర్ రాజుల మూలాలు తెలుగువే. వారిలో చివరివాడైన శ్రీ విక్రమ రాజసింహ 19వ శతాబ్దం తొలి దశకంలో తలపెట్టిన చెరువే నేటికీ ఊరి నడుమ ఉంది. 1815లో బ్రిటిషువారు అతన్ని పట్టుకొని వేలూరు కోటకు పంపగా, 1832లో అక్కడే మరణించాడు. బుద్ధుని దంతధాతువును ఉంచిన దళద మాళిగ నుంచి జూలై, ఆగస్టు నెలల్లో వెలువడే ఎసల పెరహెర ఊరేగింపులు, గెటంబే దగ్గర కత్తితో మహావెలి నీటిని కోసే క్రతువుతో ముగుస్తాయి. ఆ రోజుల్లో క్యాండీలో బస దొరకడం కష్టం కనుక, మొత్తం యాత్ర తేదీలను ఈ ఒక్క మజిలీని బట్టే నిర్ణయించుకోవాలి.

క్యాండీ దాటాక నది ఇంజినీర్ల చేతిలోకి పోతుంది. నీటిపారుదల, విద్యుత్తుల కోసం 30 ఏళ్లలో చేయదలచిన మహావెలి పథకాన్ని 1977లో వచ్చిన జె.ఆర్. జయవర్దనె ప్రభుత్వం ఆరేళ్లకు కుదించి వేగిరపరిచింది. 122 మీటర్ల ఎత్తైన విక్టోరియా కమాను ఆనకట్ట 1985లో పూర్తయింది, రందెనిగల, రంటంబె జలాశయాలు వెన్నంటి వచ్చాయి. విక్టోరియా నీటిలో మునిగిన పాత తెల్దెణియ ఊరి గోడలు కరువు ఏళ్లలో పైకి తేలుతాయి. కృష్ణా లోయలో సింహళ భిక్షువుల విహారం ఉన్న నాగార్జునకొండ సాగరంలో మునిగిన వైనం తెలిసిన తెలుగువారికి ఆ దృశ్యం అర్థం కావడానికి వివరణ అక్కరలేదు. క్యాండీ నుంచి మహియంగనయకు దిగే రోడ్డు మీది పద్దెనిమిది మలుపుల కనుమలో తడి మండలం ముగిసి పొడి మండలం మొదలవడం కంటికి తెలుస్తుంది. పచ్చని తోటలు పోయి, కింద ఎండిన మైదానం పరుచుకుంటుంది. బుద్ధుడు లంకకు మొదట వచ్చిన చోటుగా ప్రాచీన చరిత్ర గ్రంథం మహావంశం చెప్పే మహియంగనయ స్తూపం నదికి చేరువలోనే ఉంది. సమీపంలోని దంబానలో దీవి ఆదివాసులైన వెద్దా జనం ఉంటారు. గంట సేపట్లో ఆటపాటలు చూసి వెళ్లే బృందాలతో కాక, ముందుగా అనుమతి అడిగి, ఊరివారు చూపించినంత మేరకే చూసి రావడం అక్కడ పాటించవలసిన మర్యాద.

అక్కడి నుంచి ఉత్తరంగా, వస్గమువ జాతీయ వనాన్ని ఒక పక్క మహావెలి, మరొక పక్క దాని ఉపనదుల్లో పెద్దదైన అంబన్ గంగ కాపు కాస్తాయి. ఈ యాత్రలో అత్యంత సారవంతమైన భాగం అంబన్ గంగ నీటితో నిండే చెరువులదే. మహాసేనుడు సుమారు 3వ శతాబ్దం చివర కట్టించిన మిన్నేరియ, 12వ శతాబ్దంలో మొదటి పరాక్రమబాహు పొలొన్నరువ పక్కన దాదాపు 14 కిలోమీటర్ల కట్టతో విస్తరించిన పరాక్రమ సముద్రం ఇప్పటికీ మాగాణిని తడుపుతున్నాయి. ఇంత లోతు నీటిని మట్టి కట్టలోంచి వదిలితే తూము దగ్గర ఒత్తిడికి కట్టే కొట్టుకుపోవాలి. ఆ ప్రమాదాన్ని తప్పించడానికి ప్రాచీన సింహళ నిర్మాతలు కట్ట లోపలి వాలులో 'బిసో కొటువ' అనే చతురస్రపు గొయ్యిని దింపి, దాని గోడలను రాతితో, ఇటుకతో బిగించి, చెరువు నీరు ముందు ఆ గొయ్యిలో పడి, తలుపుతో అదుపై, బలం తగ్గిన తర్వాతే కట్ట కింది కాలువలోకి పోయేటట్లు చేశారు. బ్రిటిష్ నీటిపారుదల ఇంజినీరు హెన్రీ పార్కర్ 1909 నాటి తన గ్రంథంలో దీన్ని ఆధునిక కవాట గోపురాల పూర్వరూపంగా గుర్తించాడు. పొలొన్నరువలో గల్ విహారపు శిలాబుద్ధులను చూసేవారు వేలల్లో ఉన్నా, ఈ గోతుల దగ్గర ఆగేవారు తక్కువ. చెరువుల కింద బతికిన తెలుగు పల్లెల వారైనా తప్పక ఆగాలి. వాన లేని నెలల్లో మిన్నేరియ నీరు తగ్గి లేత గడ్డి బయటపడినప్పుడు వందల ఏనుగులు అక్కడ గుమిగూడుతాయి. 2018లో ఆరంభమైన మొరగహకంద జలాశయం నుంచి ఆ నెలల్లోనూ నీరు వదిలి చెరువును నిండుగా ఉంచితే ఆ గడ్డి మునిగి ఏనుగులకు మేత కరువవుతుందని పరిరక్షకులు చేస్తున్న అభ్యంతరంలో న్యాయముంది.

మనంపిటియ దగ్గర ఒకప్పుడు రైలూ బస్సూ ఒకే వంతెన మీద వంతులవారీగా దాటిన నది, ఆపైన వరద మైదానంలో బద్ధకంగా విస్తరిస్తుంది. పొంగినప్పుడు పక్కకు పొర్లిన నీటితో ఏర్పడే లోతు తక్కువ సరస్సులను 'విల్లు' అంటారు. సోమావతియ చైత్యం చుట్టుపక్కల ఉన్న ఈ విల్లులే ఏనుగులకు, నీటిపక్షులకు ఆధారం. పై ఆనకట్టలు వరదను మింగేయడంతో విల్లులకు చేరే నీరూ తగ్గింది. చివరకు నది రెండుగా చీలి, ఒక పాయ వెరుగల్ దగ్గర సముద్రంలో, మరొకటి మూతూరు పక్కన కొట్టియార్ అఖాతంలో కలుస్తుంది. అంతర్యుద్ధం 2009లో ముగిసి వంతెనలు వచ్చేదాకా ఈ తీరపు రోడ్డు మీద బల్లకట్లే దిక్కు. 1660లో ఇక్కడే ఆంగ్ల నావికుడు రాబర్ట్ నాక్స్ తండ్రితో సహా క్యాండీ సైనికులకు పట్టుబడి, 19 ఏళ్లు కొండ రాజ్యంలో బందీగా గడిపి, తప్పించుకుపోయి 1681లో ఆ దేశం గురించి గ్రంథం ప్రచురించాడు. అఖాతం అడుగున లోతైన సముద్రపు లోయ తీరానికి చాలా దగ్గరగా వస్తుంది, త్రింకోమలీ నుంచి బయలుదేరే పడవలకు తిమింగలాలు కనిపించడానికి ఇదొక కారణం. కోణేశ్వర ఆలయం ఉన్న కొండను, నీలావెలి ఎదుట పగడాల మధ్య ఈదగలిగే పావురాల దీవిని చూడటానికి రెండు రోజులు కేటాయించాలి. పగడం మీద కాలు మోపకూడదన్న నియమాన్ని గైడు చెప్పకపోయినా పాటించాలి.

తిరుగు ప్రయాణానికి రైలు ఎక్కినవారికి మహావెలి మరోచోట ఎదురవుతుంది. 1976లో పూర్తయిన పొల్గొల్ల ఆనకట్ట క్యాండీ దిగువన నదిలో కొంత నీటిని పట్టి, 8 కిలోమీటర్ల సొరంగం గుండా ఉకువెలకు, అక్కడి నుంచి అంబన్ గంగకు, బోవతెన్న మీదుగా కలా వెవకు చేరుస్తుంది. 5వ శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించిన ఆ చెరువును చూపించి, కుమారుడు కాశ్యపుడు నిధి అడిగినప్పుడు తన సంపదంతా ఇదేనని రాజు అన్నట్లు మహావంశానికి కొనసాగింపైన చూళవంశం చెబుతుంది. తండ్రిని చంపించిన కాశ్యపుడే సిగిరియ శిఖరం మీద కోట కట్టుకున్నాడు. కలా వెవ ఆయకట్టు ప్రాంతంలో, తంబుత్తేగమకు చేరువలోని కుడాగమలో, అహికుంటికులు అనే జనం నివసిస్తున్నారు. పాములను ఆడిస్తూ, చేతులు చూసి సోది చెబుతూ, తాటాకు గుడారాలతో ఊరూరా తిరిగిన వీరు స్థిరనివాసులయ్యాక కూడా ఇళ్లలో తెలుగు మాట్లాడుకుంటున్నారు. బడిలో సింహళం చదివే పిల్లల నోట ఆ తెలుగు ఏటికేడు పలుచబడుతోంది. ఆంధ్ర, తెలంగాణల నుంచి బయలుదేరే యాత్రికులు సిగిరియకు ఇచ్చే రోజులో ఒక పూట తగ్గించుకొని ఈ ఊరికి వెళ్లి, పాములాటను చూపమని అడగకుండా, వారి మాటను వారి నోట విని, తమ మాటను వారికి వినిపించి రావచ్చు.