ఎండ తెలిసిన రోజు



మే నెలలో అమెరికాలో మా అబ్బాయి డెత్ వ్యాలీ నేషనల్ పార్కు చూపించాడు. బ్యాడ్‌వాటర్ దగ్గర నేల సముద్రమట్టానికి 86 మీటర్ల కింద ఉంది. కనుచూపుమేర తెల్లని ఉప్పు. చిన్న మడుగుంది గాని, ఆ నీళ్లు తాగలేం. 1913లో ఈ లోయలోనే 56.7 డిగ్రీల ఎండ నమోదైంది. పది నిమిషాలు నడిచేసరికి నా నాలుక పిడచకట్టింది. ఏసీ కారులోకి పరుగెత్తాను.

అప్పుడు మన చొప్పదండి సంఘంలోని ఒక తల్లి గుర్తొచ్చింది. "సౌదీల నా కొడుకు ఎండకు తాళుతలేడు అయ్యగారూ" అని ఏడిస్తే, తొందరలో రెండు మాటల ప్రార్థన చేసి పంపేశాను. 23వ కీర్తనలోని లోయ గురించి ఎన్నిసార్లు ప్రసంగించానో! ఆ బిడ్డ మాత్రం రోజూ అందులోనే నడుస్తున్నాడు.

తిరిగి రాగానే ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. కొడుక్కి ఫోన్ కలిపి ముగ్గురం ప్రార్థించాం.

మీ పిల్లలు కూడా గల్ఫ్‌లో ఉంటే చెప్పండి. ఈసారి కూర్చొని వింటాను.