పాపికొండల నడుమ నొక దినము

గోదావరి యనగానే రాజమహేంద్రవరమున సముద్రమువలె పరచుకొన్న నదియే మన మనస్సునకు వచ్చును. అచ్చటి రైలువంతెన పొడవు 2.7 కిలోమీటర్లు. ఆ తల్లియే కొండల నడుమ నెంత సన్నగిల్లి ప్రవహించునో చూడగోరి, మాఘమాసమున నొక ప్రాతఃకాలమున మేము పిల్లలతో బయలుదేరితిమి. పులిహోర, దధ్యోదనము వెంట గొంటిమి.

దేవీపట్నము చేరువ గండిపోచమ్మ సన్నిధిని లాంచీ రేవు గలదు. అమ్మవారికి పసుపు కుంకుమ లర్పించి లాంచీ యెక్కితిమి. ఎక్కగనే అందరికిని లైఫుజాకెట్లు తొడిగించిరి. 2019 సెప్టెంబరు 15వ తేదీని, వరదవేళ, కచ్చులూరు కడ నొక పడవ మునిగి అనేకులు మరణించిరి. కావున ఉక్కపోయుచున్నదని పిల్లలు మారాము చేసినను జాకెట్లు విప్పనీయరాదు.

పోనుపోను ఒడ్డులు దగ్గరయ్యెను. ఇరువైపుల నిటారుగా కొండలు, నడుమ నీలపునీరు. దువ్విన తలలో పాపిడివలె నుండుటచే పాపిడికొండలని పేరుగలిగి, అదియే పాపికొండలయ్యెనందురు. 2008లో ఈ యడవి జాతీయవనముగా ప్రకటింపబడెను. అడవిదున్నలు, చిరుతలు నుండునట. మాకు గనబడినవి కోతులును నీటికాకులును మాత్రమే.

మధ్యాహ్నమునకు పేరంటాలపల్లి చేరితిమి. అచ్చట బాలానందస్వామి నెలకొల్పిన శివాలయమును, చెంతనే చల్లని కొండవాగును గలవు. మెట్లకడ కొండరెడ్ల స్త్రీలు వెదురుబుట్టలును, వెదురుతో జేసిన పువ్వులును అమ్ముచుండిరి. దిగువ పోలవరమున గట్టుచున్న ప్రాజెక్టున 45.72 మీటర్ల మట్టమువరకు నీరు నిలిపినచో ఈ లోయలో పెక్కు పల్లెలు మునుగును. ప్రభుత్వపు లెక్కలను బట్టియే లక్షకు పైగా కుటుంబములు తావు మారవలెను.

మీరెచ్చటికి పోవుదురని బుట్టలల్లు నొక యామె నడిగితిమి.

“ఇల్లు కట్టిస్తారంటమ్మా. ఆడ వెదురుండదు గదా!” అని ఆమె చేతిపని మానకయే పలికెను.

ఆ నీటివలన పొలములు పండును, పట్టణముల దాహము తీరును. ఆ మేలు మావంటి పల్లపుసీమ యిల్లాండ్రకే ముందుగా జెందును. కాని వెదురు లేనిచోట ఆమెకు ఇల్లున్నను బ్రదుకుతెరువు లేదు. ఇల్లు మారుటలోని కష్టము స్త్రీలకు వేరుగా చెప్పనక్కరలేదు. అడిగిన వెలకే రెండు బుట్టలు గొని తిరిగి లాంచీ యెక్కితిమి.

వానకాలమున వరదలవలన లాంచీలు నిలిచిపోవును. కార్తీకము మొదలు మాఘమువరకు ప్రయాణ మనుకూలము. పోవు సోదరీమణులు కొండలను మాత్రమే చూచి మరలక, మెట్లకడ కూర్చున్నవారితో నొక గడియ మాటలాడి రండు.